విజయనగరానికీ 2504కూ నడుమ సైబరాబాదు

‘ఆదిత్య 369’ 2025 ఏప్రిల్ 4న 4కే ప్రతిగా, అంటే పాత చిత్రాన్ని హెచ్చు స్పష్టతగల డిజిటల్ రూపంలోకి మార్చిన ప్రతిగా, మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు దాని మీద సాగిన చర్చ అభిమానుల కోలాహలాన్నీ, బాల్యస్మృతులనూ, నేటి గ్రాఫిక్సుతో పోలికలనూ దాటి ముందుకు పోలేదు. ముప్పై నాలుగేళ్ళుగా తెలుగువారి ఊహలో చెక్కుచెదరని ఒక కథను పరిశీలించడం తన పనే అని సాహిత్య విమర్శకు తోచకపోవడం ఈ పత్రికకు బాధ కలిగించింది.

1895లో హెచ్.జి. వెల్స్ రాసిన ‘ది టైమ్ మెషీన్’ నవలలోని యాత్రికుడు 8,02,701వ సంవత్సరానికి, అంటే భవిష్యత్తులోకే, వెళతాడు. ‘ఆదిత్య 369’ దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు మాత్రం కాలయంత్రాన్ని మొదట వెనక్కి తిప్పి, శ్రీకృష్ణదేవరాయలు ఏలుతున్న 1526 నాటి విజయనగరానికి చేర్చి, ఆ తరవాతనే 2504కు పంపారు. చిత్రం ఇన్నాళ్ళు నిలవడానికి మూలం ఈ వరసలోనే ఉంది. కథను కదిలించే వజ్రం రాయల కాలం నాటిది. దాన్ని దొంగలు కాజేసేది హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి. కనుక యంత్రం వెనక్కి వెళ్ళకముందే గతం ఈ నగరంలో ఒక వస్తువై కూర్చుని ఉంది.

రాయల ఆస్థానాన్ని తెరపై చూసి మురిసిపోయే ప్రేక్షకుడికి, ఆ ఆస్థానంలోని వారెవరికీ తెలియని సంగతి ఒకటి తెలుసు: మరో 39 ఏళ్ళకు, 1565లో, తళ్ళికోట యుద్ధంలో విజయనగరం ఓడుతుంది, రాజధాని కొల్లగొట్టబడుతుంది, హంపీ శిథిలాలు మిగులుతాయి. ఆ యుద్ధంలో గెలిచిన పక్షాన నిలిచిన గోల్కొండ కుతుబ్‌షాహీలే 1591లో హైదరాబాదుకు పునాది వేశారు. సరిగ్గా నాలుగు వందల ఏళ్ళకు ‘ఆదిత్య 369’ విడుదలైంది. ఈ చరిత్రను చిత్రం పాఠంలా వల్లించదు, ప్రేక్షకుడి ఎరుకకే వదిలేస్తుంది; అందుకే తెనాలి రామకృష్ణుడి చమత్కారానికి నవ్వుతున్నప్పుడు కూడా ఆ వైభవం మీద ఒక గడువు వేలాడుతున్నట్టు ఉంటుంది. ఆ వెంటనే వచ్చే 2504లో మూడో ప్రపంచయుద్ధం ముగిసిపోయి, అణుధార్మికతకు వెరచి మనుషులు భూగర్భంలో తలదాచుకుంటూ ఉంటారు. తన పతనం ఎరుగని మహానగరం ఒకవైపు, పతనం తరవాతి నివాసం మరొకవైపు ఉండగా, ఆ రెంటి నడుమ నిలబడింది ప్రేక్షకుడి సొంత ఊరు.

ఈ చిత్రాన్ని హైదరాబాదు ఐటీ ప్రాంతమైన సైబరాబాదు ప్రత్యేకంగా చూడవలసింది ఇందుకే. ‘ఆదిత్య 369’ 1991 జులై 18న విడుదలైతే, పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఆర్థిక సంస్కరణలకు బాట వేసిన బడ్జెట్టు ఆరు రోజుల తరవాత, జులై 24న, పార్లమెంటు ముందుకు వచ్చింది. ఆ బాటలోనే 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది, మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల రూపురేఖలు మారిపోయాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసున్న గ్రానైటు గుట్టలు పునాదుల కోసం పేలిపోయాయి. చిత్రం పునర్విడుదలకు ముందురోజే, ఏప్రిల్ 3న, హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఐటీ అవసరాల పేరిట అడవిని చదును చేయబూనినవారూ, పచ్చని నేలకు దూరమై భూగర్భంలో బతుకుతున్న 2504 మనుషులను తెరపై చూసి చప్పట్లు కొట్టినవారూ ఒకే ఊరివారు. ఆ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చదవడం విమర్శకుల పని కాకపోతే ఇంకెవరిది? ముచ్చర్లలో తలపెట్టిన కొత్త నగరానికి ఫ్యూచర్ సిటీ అని పేరు పెట్టుకున్న కాలంలో, భవిష్యత్తును గతం ముందు నిలబెట్టి ప్రశ్నించిన చిత్రాన్ని పిల్లల వినోదమని పక్కకు నెట్టడం బాధ్యతను తప్పించుకోవడమే.

ఇది వెల్స్ నుంచీ హాలీవుడ్ నుంచీ అరువు తెచ్చుకున్న ఊహ అనే ఆక్షేపణలో కొంత నిజమున్నా, యంత్రం అరువుదే గాని అది ప్రయాణించిన కాలం తెలుగువారిది. కె.వి. రెడ్డి దగ్గర శిష్యరికం చేసిన సింగీతానికి, 1957 నాటి ‘మాయాబజార్’లో చూసేవారికి ప్రియమైనదాన్ని చూపించే ప్రియదర్శిని పేటిక పరాయిది కాదు, వింత వస్తువును మనిషి కోరికకు అద్దం పట్టేలా వాడుకోవడం ఆ బడిలోనే ఉంది. పురాణంలోని పేటికను కళాఖండమని కొనియాడే పండితులు విజ్ఞానశాస్త్ర కల్పనలోని యంత్రం దగ్గరికి వచ్చేసరికి ముఖం చిట్లించడంలో పాండిత్యమేమీ లేదు, అలవాటు మాత్రమే ఉంది. యండమూరి వీరేంద్రనాథ్ ‘చీకట్లో సూర్యుడు’ వంటి నవలలకు దక్కిన చిన్నచూపు కూడా ఆ అలవాటు ఫలితమే. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఈ చిత్ర కథనాన్ని, జంధ్యాల సంభాషణలతో సహా, చారిత్రక నవలల పక్కన పెట్టి బోధించాలి. ఆ పని గచ్చిబౌలిలోని తరగతి గదుల్లోనే మొదలుకావాలి.