పులుపుపై నింద తగునా?

షడ్రుచులలో ఆమ్లమునకు మన పూర్వులు తక్కిన రుచులతో సమాన స్థానమిచ్చారు. కొత్త చింతపండు లేనిదే ఉగాది పచ్చడి లేదు; ఖట్టీ దాల్ లేనిదే హైదరాబాదు దస్తర్‌ఖాను నిండదు. మనము చింతపండు అనునదే ఉర్దూలో ఇమ్లీ. టామరిండ్ అను ఆంగ్ల నామము సైతము "తమర్ హిందీ", అనగా హిందూదేశపు ఖర్జూరము, అను అరబ్బీ మాటనుండి పుట్టినదే. ఇట్లు రెండు వంటయిండ్లను కలిపిన ఈ రుచి నేడు ముద్దాయివలె నిలబడి ఉన్నది.

"పులుపు తిన్నచో రక్తము చెడును, కడుపులో పుండు పడును, గాయము చీము పట్టును" అని ఇంటి పెద్దలు హెచ్చరిస్తారు. "మీ దేహమంతయు ఆమ్లమయమైనది, మా క్షారజలమును త్రాగుడు" అని వ్యాపారులు ప్రకటిస్తారు. వీరి నడుమ విద్యార్థులమైన మనము దేనిని నమ్మవలెను? మా అభిప్రాయమును ముందుగనే మనవి చేస్తాము: పులుపు విషయములో మన భయము అక్కరలేనిచోట ఉన్నది, ఉండవలసినచోట లేదు.

ఆమ్లతను కొలుచుటకు 1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ పి.హెచ్. అను కొలమానమును ప్రవేశపెట్టినాడు. అందులో 7 తటస్థము. అంకె ఒకటి తగ్గినచో ఆమ్లత పదిరెట్లు పెరిగినట్లు లెక్క. పెరుగు సుమారు 4.5 దగ్గర ఉంటుంది. నిమ్మరసము, చింతపండు పులుసు 2కును 3కును మధ్య ఉంటాయి. మరి మన జఠరరసమో? ఖాళీ కడుపులో అది 1.5 నుండి 2 వరకు దిగుతుంది. అనగా నిమ్మకాయ కంటె పుల్లనిది మన కడుపులోనే ఉన్నది. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1824లోనే విలియం ప్రౌట్ అను ఆంగ్ల వైద్యుడు నిరూపించినాడు. దినమునకు లీటరున్నరకు పైగా ఈ రసమును స్రవింపజేయు జీర్ణకోశము ఒక గరిటెడు పులుసునకు బెదరునా?

ఆ ఆమ్లమునుండి జీర్ణకోశము తన్ను తాను కాపాడుకొను ఏర్పాటు కూడ ముచ్చటైనది. లోపలి గోడపై బైకార్బొనేటుతో కూడిన చిక్కని శ్లేష్మపు పొర ఉంటుంది. ఆ పొర క్రింది కణములు కొలది దినములకొకమారు రాలిపోయి క్రొత్తవి పుడుతూ ఉంటాయి. ఆహారము చిన్న ప్రేవులలోనికి దిగగానే క్లోమరసములోని బైకార్బొనేటు మిగిలిన ఆమ్లమును తటస్థపరుస్తుంది. ఇక నిమ్మలోని సిట్రిక్ ఆమ్లము దేహమునకు పరాయి వస్తువు కానే కాదు. మన కణములు ఆహారమునుండి శక్తిని పొందు క్రమములో అనుక్షణము దానిని తామే తయారుచేసుకొంటున్నవని 1937లో హాన్స్ క్రెబ్స్ కనుగొన్నాడు. ఆ కృషికి 1953లో నోబెల్ బహుమతి లభించినది.

రక్తము మాట చూతము. ఆరోగ్యవంతుని రక్తపు పి.హెచ్. 7.35 నుండి 7.45 వరకు గల ఇరుకైన హద్దులను దాటదు. ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును వెలికి పంపి, మూత్రపిండములు మిగులు ఆమ్లమును వడగట్టి, ఆ హద్దును రేయింబవళ్లు కాపాడుతూ ఉంటాయి. మూత్రపు ఆమ్లత ఆహారమును బట్టి మారుతుంది. అది మూత్రపిండములు తమ పని తాము చేస్తున్నవనుటకు గుర్తు. రక్తము నిజముగ ఆమ్లమువైపు మొగ్గునది అదుపు తప్పిన మధుమేహము, మూత్రపిండముల వైఫల్యము వంటి తీవ్ర వ్యాధులలోనే. దానికి కావలసినది ఆసుపత్రి. అధిక ధరకు కొన్న క్షారజలము కడుపులోని ఆమ్లమును తాకగానే తన క్షారగుణమును కోల్పోతుంది.

కడుపులోని పుండునకు సైతము చింతపండు కారణము కాదు. ఆస్ట్రేలియాకు చెందిన వారెన్, మార్షల్ అను వైద్యులు 1982లో హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచగలిగారు. 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులను తానే మింగి, జీర్ణకోశపు వాపు తెచ్చుకొని, తమ వాదమునకు బలము చేకూర్చినాడు. 2005లో వారిరువురికి నోబెల్ బహుమతి వచ్చినది. జీర్ణకోశపు పుండ్లలో అధికభాగము ఆ సూక్ష్మజీవి వలనను, నొప్పి మాత్రలను విచ్చలవిడిగ మింగుట వలనను కలుగుతున్నవి. అయితే పుండు ఉన్నవారికి, గుండెలో మంట, పుల్లని త్రేన్పులు గలవారికి పులుపు బాధను పెంచవచ్చును. వారు వైద్యుని సలహా పాటించుట ఉచితము. రోగి పథ్యమును ఆరోగ్యవంతునిపై రుద్దుట మాత్రము ఉచితము కాదు.

ఈ అపోహ వలన నష్టమేమని కొందరు అడుగవచ్చును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. ఆకుకూరలలో, పప్పులలో, చిరుధాన్యములలో గల ఇనుమును దేహము గ్రహించుటకు నిమ్మ, ఉసిరి, జామలలోని విటమిన్ సి ఎంతయో తోడ్పడుతుంది. గాయము మానుటకును అదే విటమిన్ అవసరము. అట్టి పులుపును బాలింతకు, ఎదిగే ఆడపిల్లకు, గాయపడినవానికి నిషేధించుట వారి నోటిముందరి మేలును లాగివేయుటయే. చింతపండు విషయములోనూ ఒక మాట. దానిని రోజూ తిన్న బాలురలో మూత్రము ద్వారా ఫ్లోరైడు విసర్జన పెరిగినదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించారు. అది ఫ్లోరోసిస్‌కు మందు కాకపోవచ్చును. కాని నల్లగొండ నీటి కష్టము నెరిగినవారికి ఆ మాట విలువ తెలియును.

మరి భయపడవలసిన చోటేది? మొదటిది పళ్లు. పంటిపైనున్న ఎనామిల్ పొర పి.హెచ్. సుమారు 5.5 కంటె తగ్గినచో కరుగనారంభిస్తుంది. అందులో జీవకణములు లేవు. ఒకసారి అరిగిపోయిన పొర మరల పుట్టదు. లాలాజలము కొంత కాపాడుతుంది కాని అందులకు వ్యవధి కావలెను. అన్నముతో కలిపి తిన్న పులుసు కొలది నిమిషములలో గొంతు దిగుతుంది. సీసా కూల్‌డ్రింకునో, మన మిత్రులు గంటసేపు గుక్కగుక్కగా చప్పరిస్తారు. కోలా పానీయముల పి.హెచ్. సుమారు 2.5, అనగా నిమ్మరసమునకు దగ్గర. ఒక చిన్న సీసాలో కరిగియున్న సుమారు ఎనిమిది చెంచాల చక్కెర ఆ పులుపును నాలుకకు తెలియనీయదు. పైగా నోటిలోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను మరల ఆమ్లముగ మార్చుతాయి. పులుసునకు జడిసినవారే దీనిని అతిథి మర్యాదగా అందించుట ఎంత విడ్డూరము!

రెండవది పాత్ర. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెలలో పులుపు నిలువయుంచినచో ఆ లోహము కరిగి వాంతులు కలిగిస్తుంది. ఊరగాయకు జాడీని, పులుసునకు రాచిప్పను ఏర్పరచిన మన అవ్వలు ఈ రసాయనశాస్త్రమును చదువకనే ఎరుగుదురు. మూడవది అన్నిటికంటె ఘోరమైనది: మరుగుదొడ్లు కడుగు యాసిడ్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇంట ఉంచుట. ఆహారపు పులుపునకు చెక్కుచెదరని అన్నవాహిక ఆ ద్రవము ఒక్క గుక్కకు కాలిపోతుంది. ఆ సీసాను చేతికందుకొను పసివానికి అందులోనిది విషమని ఎట్లు తెలియును?

కావున సోదర సోదరీమణులారా! పులుపును భోజనముతో తృప్తిగ తినుడు. పిదప మంచినీటితో నోరు పుక్కిలించుడు. అరగంట గడువనిదే పళ్లు తోమకుడు. కళాశాల క్యాంటీనులో సీసా పానీయములకు మారుగా మజ్జిగను, చక్కెర తక్కువైన నిమ్మనీటిని అడిగి పుచ్చుకొనుడు. ఇంటికి వెళ్లిననాడు యాసిడ్ సీసా ఎచటనున్నదో చూచి, దానిపై పేరు వ్రాసి, పిల్లల చేతికందని చోట భద్రపరచుడు. చదువుకొన్నవారు ఇంటికి చేయదగిన మేలులలో ఇది చిన్నదే కావచ్చును. దాని ఫలితము మాత్రము చిన్నది కాదు.