ఆలస్యమంతా కార్మికుడిదేనా?

ఉద్యోగం పోయిన ఏడేళ్లకు లేబర్ కోర్టు మెట్లెక్కిన మనిషిని చూస్తే చాలామందికి ఒకటే అనుమానం: నిజంగా అన్యాయం జరిగి ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నట్టు? యాజమాన్యాల తరఫు వకీళ్లే కాదు, కార్మిక సంస్కరణలను మెచ్చుకునేవాళ్లూ ఇదే పాట పాడుతున్నారు. చివరికి అదే చట్టమైంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ తొలగింపు వివాదాలకు రెండేళ్ల గడువు పెట్టింది. అంతకుముందు, కార్మికుడు నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లడానికి పాత పారిశ్రామిక వివాదాల చట్టానికి 2010లో చేసిన సవరణ ఇచ్చిన గడువు మూడేళ్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987లోనే ఆ దారి తెరిచింది, గడువు ఊసెత్తకుండా.

ఎందుకు ఊరుకున్నాడన్న ప్రశ్నకు జవాబు పని మాన్పించే తీరులోనే ఉంది. పాత చట్టంలోని 25ఎఫ్ సెక్షన్ ప్రకారం, ఏడాది నిరంతర సర్వీసు ఉన్నవాణ్ణి పనిలోంచి తీసేయాలంటే (రిట్రెంచ్‌మెంట్) నెల ముందు కారణంతో రాతపూర్వక నోటీసైనా ఇవ్వాలి, ఆ నెల జీతమైనా ఇవ్వాలి. సర్వీసులో ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం చెల్లించాలి. మామూలుగా చివర చేరినవాణ్ణే ముందు పంపాలి. సీనియారిటీ జాబితాను ఏడు రోజుల ముందే నోటీసు బోర్డు మీద పెట్టాలని కేంద్ర నియమాలు చెప్పాయి.

గేటు దగ్గర జరిగేది వేరు. “ప్రస్తుతానికి పని లేదు, ఉంటే కబురు పెడతాం” అంటాడు సూపర్‌వైజరు. చేతికి కాగితం రాదు. కబురు కోసం కనిపెట్టుకుని కూర్చున్నవాడు గడువును ఏ తేదీ నుంచి లెక్కపెట్టుకోవాలి? తన తర్వాత చేరినవాడు ఇంకా లోపలే ఉన్నాడని, జాబితా కంటపడనివాడికి ఎవరు చెబుతారు?

అవతలివాళ్ల వాదనలో పసలేదని కాదు. కర్ణాటక పట్టుపరిశ్రమ శాఖ తొలగించిన ఒక ఉద్యోగి 14 ఏళ్ల తర్వాత వివాదం లేవదీస్తే, అది ఎప్పుడో చల్లారిపోయిందని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. ఏళ్లు గడిస్తే రికార్డులు దొరకవు, అధికారులు రిటైరవుతారు. నిజమే. కానీ ఆ రికార్డులు ఎవరి బీరువాలో ఉంటాయి? మస్టర్ రోల్ కూలివాడి ఇంట్లో ఉండదు కదా! ఏడాది నిరంతర సర్వీసు కిందికి రావడానికి కావాల్సిన 240 రోజులు పనిచేశానని రుజువు చేసుకోవాల్సింది మాత్రం అతనే. ఇక కోర్టుకు ఆలస్యంగా రావడం ప్రభుత్వాలకేమీ కొత్త కాదు. 1987లో కాతీజీ కేసులో భూసేకరణ కలెక్టరు అప్పీలు నాలుగు రోజులు ఆలస్యమైతే సుప్రీంకోర్టు ఉదారంగా మన్నించింది. ఆఫీసుల్లో ఫైలు కదలడానికి పట్టే కాలాన్ని అర్థం చేసుకోగల చట్టం, పూట గడవని ఇంటి ఇబ్బందిని ఎందుకు అర్థం చేసుకోదు?

ఆలస్యానికి శిక్ష ఉండకూడదని ఎవరూ అనడం లేదు. అది ఎంత ఉండాలో పంజాబ్‌లోని సిర్హింద్ సహకార మార్కెటింగ్ సంఘం కేసులో 1999లోనే తేలింది. తొలగించిన ఏడేళ్లకు, 1981లో, కార్మికుడు డిమాండ్ నోటీసు ఇచ్చాడు. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో కేసు కొట్టేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని అడిగిందంతా ఇప్పించనూ లేదు, పాత జీతాలకు కోత పెట్టింది. డబ్బు తగ్గింది, తలుపు మూసుకోలేదు. గడువు గీత గీసినవాళ్లు వదిలేసింది ఈ తేడానే.

కొత్త కోడ్‌లో ఇంకో మెలిక ఉంది. తీసేసిన పనివాళ్లకే మళ్లీ ముందు అవకాశం ఇవ్వాలన్న పాత 25హెచ్ సెక్షన్‌కు కాలపరిమితి లేదు. ఇప్పుడు ఆ బాధ్యత ఏడాదితో సరి. పదమూడో నెలలో కొత్తవాళ్లను చేర్చుకుంటే పాతవాళ్లను పిలవాల్సిన పని లేదు.

గడువు ఉండాల్సిందేనంటే ఉండనివ్వండి. నోటీసు, పరిహారం లెక్క, సీనియారిటీ జాబితా నకలు కార్మికుడి చేతికి అంది, అతను సంతకం పెట్టిన రోజు నుంచి ఆ రెండేళ్లు లెక్కించాలి. ఆ సంతకం చూపించలేని యాజమాన్యానికి గడువు దాటిందన్న మాట ఎత్తే హక్కు ఉండకూడదు.