తెరమీద పాఠం సరే, సందేహం ఎవరికి చెప్పాలి?

ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ వీడియో పాఠాలు ఇవాళ పల్లెటూరి ఇంజినీరింగ్ విద్యార్థి ఫోన్‌లోనూ వినిపిస్తున్నాయి. మంచిదే. 2017లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ వచ్చింది. సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు అందులో చదివేందుకు 2021లో యూజీసీ వీలిచ్చింది. చిక్కల్లా ఆ తర్వాతే. వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్ల జవాబులు గడువుకు ముందే టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతాయి. వీడియో తెరవకుండానే మార్కులు పడతాయి. కేంద్రానికి వెళ్లి రాయాల్సిన ఆఖరి పరీక్షలో గుట్టు రట్టవుతుంది. తప్పంతా పిల్లలదే అనలేం. వీడియో ఉంది కదా అని అధ్యాపకుల ఖాళీలు నింపకుండా నెట్టుకొచ్చే కాలేజీలో ‘సార్, ఈ లెక్కలో మూడో మెట్టు అర్థం కాలేదు’ అంటే వినేదెవరు? క్రెడిట్లిచ్చే ప్రతి ఆన్‌లైన్ కోర్సుకూ వారానికో గంట కాలేజీలోనే చర్చా తరగతిని, దానికి బాధ్యత వహించే అధ్యాపకుణ్ని యూజీసీ తప్పనిసరి చేయాలి.