మన ఒంట్లోదైనా మందు మందే

బొటనవేలి మొదట్లో కీలు అరిగినవాళ్లకు, మణికట్టు నొప్పితో గిన్నె కూడా ఎత్తలేనివాళ్లకు ‘మీ కణాలతోనే చికిత్స’ అంటూ వస్తున్న కథనాలు పీఆర్‌పీని, కొవ్వు కణాలను ఒకే గాటన కట్టేస్తున్నాయి. చట్టం వాటిని అలా చూడదు.

పీఆర్‌పీలో రోగి రక్తాన్ని గిర్రున తిప్పి, పైన తేలిన పసుపు ద్రవంలో ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న భాగాన్ని తీసి కీలులోకి ఎక్కిస్తారు. కొవ్వు సంగతి వేరు. పొట్ట దగ్గర పీల్చి తీసిన కొవ్వులో కొలాజెనేజ్ అనే ఎంజైమ్ కలిపి, ఒంటి వేడి దగ్గర ఉంచి కుదుపుతారు. కణాలను పట్టి ఉంచిన అల్లిక కరిగిపోతుంది. తిప్పాక గొట్టం అడుగున చిన్న ముద్ద మిగులుతుంది. మూలకణాలుండేది అందులోనే, కీలులోకి వెళ్లేదీ అదే.

వివాదమంతా ఈ ఎంజైమ్ దగ్గరే ఉంది. మూలకణాల నుంచి తయారైన ఉత్పత్తి ఎప్పటికీ ‘కొత్త ఔషధమే’ అంటాయి మన దేశంలోని 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు. కడగడం, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం పెద్ద మార్పులు కావనీ అవే చెబుతాయి. కొవ్వు కణాలు ఎక్కించే క్లినిక్‌ల వాదన దీన్నే పట్టుకుని నడుస్తుంది. కణాలను పెంచే ఉద్దేశం మాకు లేదు కదా అని కూడా వాళ్లంటారు. కానీ ఎంజైమ్ వాడకాన్ని నిబంధనలు పేరు పెట్టి మరీ పెద్ద మార్పుల్లో చేర్చాయి. ఒకే శస్త్రచికిత్సలో తీసి అదే మనిషికి పెట్టినా కడగడం, శుభ్రం చేయడం, పరిమాణం సరిచేయడం దాటకూడదన్నాయి. నా మటుకు సందేహానికి తావే లేదు. అమెరికాలోనూ, ఇలాగే కొవ్వు కణాలు ఎక్కించిన కాలిఫోర్నియా క్లినిక్‌ల కేసులో 2022లో కింది కోర్టు వాళ్ల పక్షాన నిలిచినా, 2024 సెప్టెంబరులో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాన్ని తిరగ్గొట్టింది. తీసింది కొవ్వు, ఎక్కించింది వేరే పదార్థం, కాబట్టి అది ఔషధమేనంది.

వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయే డుప్యుట్రెన్ జబ్బుకు ఇదే కోవ ఎంజైమ్‌ను సూదిమందుగా తెచ్చేటప్పుడు 308 మందిపై పరీక్షించారు. మందు పడిన కీళ్లలో 64 శాతం దాదాపు నిటారుగా వచ్చాయి, ఉత్తి సూది పడినవాటిలో 6.8 శాతమే. ఆ తర్వాతే 2010లో అమెరికా అనుమతి దొరికింది. ఎంజైమ్‌కు అంత పరీక్ష పెట్టి, దానితో వేరుచేసిన కణాలను ఏ పరీక్షా లేకుండా ఎలా అమ్మనిస్తాం?

ఈ కణాలు పనిచేస్తాయని నమ్మే వైద్యులు ట్రయల్‌కు దరఖాస్తు పెట్టాలి. అక్కడ ఎథిక్స్ కమిటీ చూస్తుంది, ట్రయల్ వల్ల హాని జరిగితే పరిహారం చెల్లించాల్సిందే. క్లినిక్‌లో మాత్రం డబ్బూ రోగిదే, నష్టమూ రోగిదే.