చదవడం నేర్పని చదువులు

చందానగర్‌లో ఎంఎంటీఎస్ రైలెక్కితే హైటెక్ సిటీ కొద్ది స్టేషన్ల దూరమే. కానీ అక్కడి కొలువులకూ మన బస్తీల ఇళ్లకూ మధ్య అసలు దూరం ఉన్నత విద్య. ఆ దూరం ఎంతటిదో సచార్ కమిటీ నివేదిక 2006లోనే చెప్పింది. దేశంలోని ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒకరు, పీజీ విద్యార్థులు 50 మందిలో ఒకరు మాత్రమే ముస్లింలని తేల్చింది.

రిజర్వేషన్ల కోసం, ఉపకార వేతనాల కోసం మనం పోరాడాం, ఇకముందూ పోరాడాలి. అయితే ఆ సీటుకూ, ఆ సహాయానికీ ముందు ప్రవేశ పరీక్ష కాచుకుని ఉంటుంది. విదేశీ చదువులకు రాష్ట్ర ప్రభుత్వం 20 లక్షల రూపాయల వరకు అందించే మైనారిటీ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు సైతం జీఆర్‌ఈ వంటి పరీక్షల స్కోరు కావాలి. ఈ పరీక్షల్లో మన పిల్లలను ఎక్కువగా జంకించేవి లెక్కలు కావు, ఆంగ్ల గద్యభాగాలేనని మా అభిప్రాయం.

లోపం పిల్లలది కాదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు మధ్య పెరిగిన విద్యార్థికి ఏ భాషలోనూ ఒక వ్యాసాన్ని విడమరచి చదవడం మన చదువులు నేర్పడం లేదు. గైడు బట్టీ పట్టిస్తుంది. ప్రవేశ పరీక్ష మాత్రం రచయిత ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు అని అడుగుతుంది.

కనుక సాధన తీరు మారాలి. తెలియని పదం దగ్గర ఆగిపోకూడదు. ముందువెనుక వాక్యాలే తరచూ దాని అర్థం చెబుతాయి. ‘అయితే’, ‘అయినప్పటికీ’ అనే అర్థమిచ్చే మాట ఎదురైతే వాదన మలుపు తిరుగుతోందని గుర్తించాలి. రచయిత తన మాట చెబుతున్నాడా, ఇతరుల వాదనను వినిపిస్తున్నాడా అన్నది వేరుచేసి చూడాలి. చదవగానే సారాంశాన్ని తెలుగులోనో ఉర్దూలోనో ఒక్క వాక్యంలో చెప్పుకోవాలి. అలా చెప్పలేకపోతే మళ్లీ చదవాలి. మనకు నిజమని తోచిందల్లా జవాబు కాదు. గద్యభాగంలో ఆధారం చూపగలిగిందే జవాబు.

పరీక్షను బట్టి ఎత్తుగడ కూడా మారాలి. ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు. తప్పుకు కోత లేదు కనుక ఏ ప్రశ్ననూ వదలరాదు. క్యాట్‌లో సరైన జవాబుకు 3 మార్కులు, బహుళైచ్ఛిక ప్రశ్న తప్పితే 1 మార్కు కోత. అక్కడ దేనిని వదిలేయాలో తెలియడమూ నేర్పే.

ఈ శిక్షణ ఫీజు కట్టగలిగిన ఇళ్లకే పరిమితం కారాదు. మైనారిటీ స్టడీ సర్కిల్ పఠన శిక్షణకు ప్రత్యేక తరగతులు నడపాలని మేము కోరుతున్నాం. మసీదు కమిటీలు, సంఘాలు తమ హాళ్లలో సాయంత్రం రెండు గంటలు పఠనశాల తెరవాలి. ఆడపిల్లలకు విడిగా సమయం కేటాయించాలి. తల్లిదండ్రులు ఇంటిపనుల నుంచి కూతురికీ, దుకాణం పనుల నుంచి కొడుక్కీ రోజూ ఒక గంట విడిచిపెట్టాలి. హక్కుల కోసం వేసే అర్జీ ఎంత అవసరమో, ఆ గంట కూడా అంతే అవసరం.