ఒక బిడ్డకు న్యాయం మరో బిడ్డను బలిచ్చి రాదు

2007 డిసెంబరు 27. విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో, ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్‌లో, తెనాలి బిడ్డ ఆయేషా మీరా అత్యాచారానికి, హత్యకు గురయింది. ఆమె ఫార్మసీ విద్యార్థిని. మా పొన్నూరు నుండి తెనాలి ఎంతో దూరం కాదు. ఆ దుఃఖాన్ని మేము ఇరుగుపొరుగు దుఃఖంగానే భరించాము.

ఆ బిడ్డకు న్యాయం జరగాలని మన సభలలో అనని వారు లేరు. అయితే ఆ మాటను మనం ఇంతకాలం సగమే అంటున్నామన్నది మా అభియోగం. మిగిలిన సగం పేరు సత్యంబాబు.

నందిగామ ప్రాంతానికి చెందిన ఈ దళిత యువకుణ్ణి 2008 ఆగస్టులో పోలీసులు అరెస్టు చేశారు. నేరం ఒప్పుకున్నాడని ప్రకటించారు. 2010 సెప్టెంబరు 29న విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతణ్ణి దోషిగా నిర్ణయించింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు ఆ తీర్పును రద్దు చేసి, అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. దర్యాప్తు జరిగిన తీరును తప్పుబట్టింది. అతనికి లక్ష రూపాయలు చెల్లించమన్నది. అప్పటికి అతని యౌవనంలో ఎనిమిదేళ్లకు పైగా జైలు గోడల మధ్య గడిచిపోయాయి. నరాల జబ్బుతో కాళ్లు చచ్చుబడి, ఆసుపత్రికీ జైలుకూ మధ్య తిరిగిన మనిషి అతను.

ఈ సంగతి ఎత్తినప్పుడల్లా మాకు రెండు ఆక్షేపణలు ఎదురవుతున్నాయి. మొదటిది: “మన గొడవలు మనకు చాలవా? అతను మనవాడు కాదు కదా!” రెండవది: “కోర్టు వదిలిపెట్టినంత మాత్రాన అతను చేయలేదని నమ్మకమేమిటి?”

రెండవదానికి ముందు జవాబు చెబుతాము. నేరం రుజువు చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిది. చేయలేదని రుజువు చేసుకోవలసిన బాధ్యత ఏ పౌరునికీ లేదు. పోలీసుల ఎదుట చేసినట్లు చెప్పే ఒప్పుకోలు నిందితునిపై రుజువుగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే శాసించింది. లాఠీ చేతిలో ఉన్నవాని ముందు మనిషి ఏమైనా ఒప్పుకుంటాడని ఆ తెల్లదొరలకు కూడా తెలుసు. అయినా “ఒప్పుకున్నాడు” అన్న మాట పత్రికలలో రాగానే లోకం నమ్మింది. మాలోనూ కొందరం నమ్మాము. ఈనాడు అందుకు సిగ్గుపడుతున్నాము.

నమ్మని వారు ఉన్నారు. ఆ బిడ్డ తల్లిదండ్రులే నమ్మలేదు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి, తన కూతుర్ని చంపాడంటూ చూపించిన యువకుని గూర్చి “ఇతను కాడు” అని నిలబడింది. శిక్ష పడినప్పుడూ అదే మాట అన్నది, విడుదలైనప్పుడూ అదే మాట అన్నది. ఎవరో ఒకరికి శిక్ష పడితే చాలు, మనసు చల్లబడుతుందని ఆమె అనుకోలేదు. ఆ తల్లికి ఉన్న ధైర్యంలో పదో వంతు మన సంఘాలకు ఉండి ఉంటే ఎంత బాగుండేది!

ఇక మొదటి ఆక్షేపణ. దీనికి జవాబు మన ధర్మంలోనే ఉన్నది. మదీనాలో ఒక ముస్లిం కవచం దొంగిలించి, ఆ నింద ఒక యూదుని మీదకు నెట్టిన ఉదంతాన్ని తఫ్సీర్ గ్రంథాలు వివరిస్తాయి. బంధువులు తమ వానినే వెనకేసుకు వచ్చారు. అప్పుడు అవతరించిన సూరా నిసా ఆయతులు ఆ యూదుణ్ణి నిర్దోషిగా నిలబెట్టాయి. తన పాపాన్ని అమాయకుని మెడకు చుట్టడం ఎంత ఘోరమో హెచ్చరించాయి. “మనవాడా, కాదా” అన్న లెక్క ఆనాడే చెరిగిపోయింది. దాన్ని మనం మళ్లీ రాసుకుంటున్నామా?

పైగా ఇది పరాయి గొడవ ఎలా అవుతుంది? 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగిన తర్వాత ముస్లిం యువకులను పట్టుకుపోయిన పద్ధతి మరచిపోయామా? వారు నిర్దోషులని తేలిన పిమ్మట ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. ఆ ఉత్తర్వు కూడా 2013లో హైకోర్టులో నిలబడలేదు. పలుకుబడి లేని ఇంటి కుర్రవాణ్ణి ఎంచుకోవడం ఒక అలవాటు. ఆ ఇంట నమాజు చదువుతారా, చర్చికి పోతారా అన్నది ఆ అలవాటుకు అవసరం లేదు.

తప్పుడు మనిషిని పట్టుకోవడం వల్ల నష్టపోయింది సత్యంబాబు ఒక్కడే కాదు. ఆ ఎనిమిదేళ్లూ అసలు నేరస్తుణ్ణి వెతికే పని ఆగిపోయింది. అప్పీలు విచారణలో ఉండగానే విజయవాడ కోర్టులో ఉన్న ఈ కేసు ఆధారాలు ధ్వంసమయ్యాయని తరువాత బయటపడింది. సర్కారు కొలువులో దశాబ్దాలు ఫైళ్లు మోసిన మాకు ఈ వార్త నిద్ర పట్టనివ్వలేదు. ముగియని వ్యవహారపు కాగితాన్ని నాశనం చేయరాదన్నది కొత్తగా చేరిన గుమాస్తాకు మొదట నేర్పే పాఠం. ఒక ఆడబిడ్డ హత్య కేసులో ఆ పాఠమే మరచిపోయారు.

2018లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. 2019 డిసెంబరు 14న తెనాలి ఖబరస్తాన్‌లో ఆ బిడ్డ సమాధిని తవ్వి, మళ్లీ శవపరీక్ష చేశారు. మట్టిచ్చిన మయ్యత్‌ను కదిలించడం మనకు ఎంత బాధాకరమో పాఠకులకు చెప్పనక్కరలేదు. సత్యం కోసం ఆ తల్లిదండ్రులు దాన్ని కూడా సహించారు. అయినా సత్యంబాబు స్థానంలో మరొకణ్ణి దోషిగా నిలబెట్టిన తీర్పు నేటికీ లేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఎవరెవరి పేర్లో జనం నోట నానుతున్నాయి. రుజువు లేకుండా ఏ పేరునూ మేము ఉచ్చరించము. సత్యంబాబును కాపాడిన న్యాయసూత్రం మనం అనుమానించే వారికీ వర్తిస్తుంది. వర్తించకపోతే అది సూత్రమే కాదు.

మేము కోరేవి మూడు. ఆధారాలు ఎలా ధ్వంసమయ్యాయో, అందుకు బాధ్యులెవరో ప్రజలకు తెలియజేయాలి. తప్పుడు కేసులలో మగ్గిన వారికి పరిహారం హక్కుగా దక్కే చట్టం రావాలి. లా కమిషన్ 277వ నివేదిక 2018లోనే దీన్ని సిఫారసు చేసింది. 2024 జూలై 1న కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చినా ఆ సిఫారసుకు చోటు దక్కలేదు. మూడవది మన చేతిలోనిదే. ఇకపై ఆయేషా మీరా కోసం తెనాలిలోగాని, పొన్నూరులోగాని, బాపట్లలోగాని సభ జరిగితే, ఆ వేదిక మీద సత్యంబాబుకు జరిగిన అన్యాయం కూడా ప్రస్తావనకు రావాలి. దళిత సోదరులను అతిథులుగా కాదు, ఆ సభకు సొంతదారులుగా పిలవాలి.

ఆ తల్లి మొదటి రోజునే అన్న మాట మన జమాఅత్‌లు ఇప్పటికైనా అనగలవా? అంతే మేము అడుగుతున్నాము.