మాట వినడం అంటే చెవులు ఉండటం కాదు

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ఇది ప్రార్థనకు వెళ్ళే మా గురించి. ప్రార్థనకు రాని వాళ్ళు కూడా చదవండి, మీకు మా మీద ఉన్న కోపంలో సగం న్యాయమే.

మా హాస్టల్లో వాక్యానికి కరువు లేదు. పొద్దున ఐదింటికే ఏదో ఒక రూంలో ఆడియో బైబిల్ మొదలవుతుంది. పళ్ళు తోముకుంటూ కీర్తనలు, ఇస్త్రీ చేసుకుంటూ రోమా పత్రిక. రాత్రి ఫోన్లో ప్రసంగం పెట్టుకుని నిద్రపోతాం, అది తెల్లారేదాకా మోగుతూనే ఉంటుంది. ఇంత వింటున్న వాళ్ళం టీ కొట్టు అవ్వకు మూడు నెలల ఖాతా ఎందుకు కట్టలేదు? అడిగితే స్కాలర్‌షిప్ పడలేదంటాం. రీచార్జ్ మాత్రం ఒక్క నెలా ఆగలేదు. ఎవరికీ బాకీ పడొద్దని రోమా 13లోనే ఉంది. ఇస్త్రీ చేసుకుంటూ అది కూడా విన్నాం.

మన ఇళ్ళల్లో 'వీడు మాట వినడు' అంటే వాడికి చెవుడని కాదు కదా. చెప్పింది చెయ్యడని. ద్వితీయోపదేశకాండం 6లో ఇశ్రాయేలీయులను వినమన్న మాటకు కూడా హీబ్రూలో లోబడటం అనే అర్థం ఉందట. ఆ అధ్యాయంలోనే ఇంట్లో కూర్చున్నా, దారిలో నడుస్తున్నా, పడుకున్నా, లేచినా ఆ మాటలు వదలొద్దని ఉంది. అంటే బతుకంతా అన్నమాట. బ్లూటూత్ అని కాదు.

మా అమ్మలకు చదువు రాదు. మాలో చాలామంది ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. వాళ్ళకు బైబిలంటే ఆదివారం చెవిన పడ్డదే. ఆ ఒక్క వాక్యాన్నే చేనుకీ, తునికాకుకీ వెంట తీసుకెళ్తారు. వండే ముందు గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తారు, ఇంట్లో బియ్యం తక్కువున్న రోజు కూడా. మేమేమో నలభై అధ్యాయాలు విని, మెస్సులో చివర వచ్చేవాడికి కూర ఉందో లేదో చూడం.

ఇక అసలు సంగతి. మొన్న వానాకాలం ఆల్‌నైట్ ప్రేయర్ పెట్టుకున్నాం. పక్క రూంలో డిగ్రీ ఫస్టియర్ తమ్ముడు, కొండరెడ్ల పిల్లాడు, రెండు రోజులుగా చలిజ్వరంతో పడున్నాడు. సౌండ్ తగ్గించమని ఒకసారి వచ్చి అడిగాడు. ప్రార్థనకు ఆటంకం తెస్తున్నావన్నాం. ఇంకో మాట కూడా అన్నాం, అది ఇక్కడ రాయలేం. ఒంటిగంటకు వాణ్ణి బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళింది మా ప్రార్థనకు ఎప్పుడూ రాని అన్న, ఇంట్లో వేల్పుల్ని కొలిచేవాడు. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. వాడు నాలుగు రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఆ రాత్రి మేం ఏ వాక్యం చదివామో ఇప్పుడు మాలో ఒక్కడికీ గుర్తులేదు.

లూకా 10లో సమరయుడి కథ ఎత్తి ఎవరైనా మమ్మల్ని తిట్టొచ్చు. తిట్టండి. ఆ కథలో గాయపడ్డవాణ్ణి చూసి పక్కకు తప్పుకుని పోయిన యాజకుడికి కూడా వాక్యం బాగానే వచ్చు.

'వినడం వల్లే విశ్వాసం కలుగుతుంది, రోమా 10:17 ఉంది కదా' అని మాలోనే కొందరు వాదిస్తున్నారు. ఉంది. అదే పౌలు అదే పత్రికలో 2:13 దగ్గర, ధర్మశాస్త్రం విన్నంత మాత్రాన నీతిమంతులు కారు, దాని ప్రకారం నడిచినవాళ్ళే అవుతారని రాశాడు. ఒకటి స్టేటస్‌లో పెట్టి ఇంకోటి దాచేస్తే ఎలా? ఉపవాస ప్రార్థన చేసేవాళ్ళు యెషయా 58 కూడా ఒకసారి తియ్యండి. ఆకలిగా ఉన్నవాడికి నీ రొట్టె పెట్టడమే ఉపవాసమని అక్కడ ఉంది.

ఇంకో మాట, కొంచెం పక్కకు వెళ్తున్నాం. 19వ శతాబ్దంలో జాన్ కెయిన్ అనే మిషనరీ ఇక్కడికి దగ్గర్లోనే, దుమ్ముగూడెంలో ఉండి, మనవాళ్ళు అర్థం చేసుకోవాలని కోయ మాట నేర్చుకున్నాడు. మేమేమో హాస్టల్లో ఎవరైనా ఫోన్లో ఇంటికి కోయలో మాట్లాడితే నవ్వుతాం. అపొస్తలుల కార్యాలు 2లో ఎవరి భాషలో వాళ్ళు విన్నారని చదివి ఆమెన్ అంటాం, బయటకొచ్చి అమ్మ భాషకు సిగ్గుపడతాం. ఈ విషయంలో ప్రార్థనకు వచ్చేవాళ్ళూ రానివాళ్ళూ అందరం ఒకటే, అది వేరే పోస్టు రాస్తాం.

ఆల్‌నైట్ మానెయ్యమని మేం అనడం లేదు. పాటలు మాకూ ఇష్టమే. కానీ పక్క రూంలో జ్వరం ఉంటే ప్రార్థన పక్క రూంలోనే జరగాలి, తడిగుడ్డతో, థర్మామీటరుతో, ఆటోకి డబ్బులతో. దీన్ని 'క్రియల బోధ' అని కొట్టిపారేసే అన్నలు ముందు యాకోబు పత్రిక మొత్తం చదివి రండి. ఐదే అధ్యాయాలు.

ఆ తమ్ముణ్ణి మేం ఇంకా క్షమాపణ అడగలేదు. సిగ్గేసి రోజూ వేరే మెట్ల వైపు నుంచి వెళ్తున్నాం. ఈ ఆదివారం ప్రార్థన కంటే ముందు వాడి రూంకి వెళ్తాం. బండి మీద తీసుకెళ్ళిన అన్న దగ్గరికి కూడా. సాయంత్రం టీ కొట్టు దగ్గర కలుద్దాం, ఖాతాలో పేరున్నవాళ్ళు ఎవరి వాటా వాళ్ళు తెచ్చుకోండి. స్పీకర్ తేవద్దు.